బస్సంటే భయమెందుకు? బండంటే ధైర్యమెలా?

సూలూరు పక్క పల్లెలో చెల్లెలి వరసయ్యే ఆవిడ ఉంది. పోయిన నెల ఫోన్ చేసి తగవు తీర్చమంది. కూతురికి పీలమేడులో కాలేజీ సీటు వచ్చింది. ఇంటి నుంచి సింగానల్లూరు దాకా ఒక బస్సు, అక్కడినుంచి హోప్ కాలేజీ స్టాపింగ్ దాకా ఇంకో బస్సు. స్నేహితురాళ్ళంతా బస్సే గనుక అమ్మాయి బస్సులోనే పోతానంటోంది. వాళ్ళ నైనా, అంటే మా బావ, మాత్రం "బస్సు వద్దు, రోజులు బాగోలేవు, స్కూటీ కొనిస్తా" అంటున్నాడు. అవ్వ ఎప్పటిలాగే కొడుకు పక్షం.

"నువ్వు రాసేవాడివి కదన్నా, నువ్వే చెప్పు. బస్సుకు ఇంత భయపడాలా? అసలు మనకీ భయం ఎందుకొచ్చింది?"

ఫోన్‌లో తేలే మాట కాదని నాలుగు రోజులు ఆగమన్నాను. ఆ జవాబే ఇది. కోయంబత్తూరు చుట్టుపక్కలా, మదురై తిరుమంగలం వైపూ ఉన్న మన తెలుగిళ్ళలో కాలేజీలు తెరిచే ప్రతి జూన్‌లోనూ ఇదే తగవు వస్తోంది. ఇంకో నాలుగిళ్ళకైనా పనికొస్తుందని కాగితం మీద పెడుతున్నాను.

మొదట రెండు మాటలు విడదీసుకోవాలి. భయం వేరు, ముప్పు వేరు. భయం మనసులో పుడుతుంది, ముప్పు రోడ్డు మీద ఉంటుంది. పామును చూస్తే భయమేస్తుంది, ముప్పు కూడా అక్కడే ఉంది. అలాంటి భయం మనిషిని కాపాడుతుంది. భయం ఒకచోట కూర్చుని, ముప్పు మరోచోట కాచుకుని ఉంటేనే చిక్కు. బావ భయం బస్సులో ఉంది. ముప్పు ఎక్కడుందో చూద్దాం.

లెక్క ఏమంటోంది?

కేంద్ర రోడ్డు రవాణా శాఖ ఏటా ప్రమాదాల లెక్కను పుస్తకంగా వేస్తుంది. 2022 పుస్తకం ప్రకారం ఆ ఏడాది దేశంలో రోడ్ల మీద పోయిన ప్రాణాలు 1,68,491. అందులో ద్విచక్ర వాహనాల మీద పోతూ పోయినవారు 74,897 మంది, నూటికి 44కు పైనే. నడిచిపోతూ పోయినవారు 32,825 మంది. బస్సులో ఉండి పోయినవారు నూటికి ముగ్గురు కూడా లేరు. ప్రమాదాల సంఖ్యలో ఆ ఏడాది దేశంలో మొదటి స్థానం మన తమిళనాడుదే, 64,105. చావుల్లో ఉత్తరప్రదేశ్ తర్వాత రెండో స్థానం, 17,884. ఈ చివరి అంకెను 365తో భాగిస్తే రోజుకు 49 వస్తుంది. దాన్ని గుర్తు పెట్టుకో, మళ్ళీ దాని దగ్గరికి వస్తాను.

ఈ అంకెలు చెప్పగానే మా చెల్లెలు ఊరుకోలేదు. "బళ్ళు ఎక్కువున్నాయి కాబట్టి బళ్ళ మీద చావులూ ఎక్కువ, అందులో వింతేముందన్నా?" అంది. సరైన ప్రశ్న. ఎన్ని చావులో లెక్కపెడితే చాలదు, ఎన్ని ప్రయాణాలకు ఎన్ని చావులో లెక్కపెట్టాలి.

ఆ లెక్కా చూద్దాం. తమిళనాడు ప్రభుత్వ బస్సులు సుమారు 20 వేలు. వాటిలో రోజుకు కోటిన్నర పైచిలుకు సార్లు జనం ఎక్కి దిగుతున్నారు. కొద్దిమంది ఎక్కుతారు గనుకే బస్సులో చావులు తక్కువ అనడానికి ఇక్కడ చోటు లేదు. ప్రయాణించిన దూరంతో భాగించిన లెక్క కావాలంటే అమెరికా వైపు చూడాలి. ఇయాన్ సావేజ్ అనే ఆర్థికవేత్త 2000 నుంచి 2009 దాకా అక్కడి లెక్కలన్నీ తీసి, వంద కోట్ల ప్రయాణికుల మైళ్ళకు ఎన్ని ప్రాణాలు పోతున్నాయో తేల్చాడు. బస్సులో 0.11. కారులో 7.28. మోటారు సైకిలు మీద 212.57. బస్సుకూ మోటారు సైకిలుకూ తేడా దాదాపు 1,900 రెట్లు.

అమెరికా రోడ్డు వేరు, మన తిరుచ్చి రోడ్డు వేరు. వాళ్ళ బస్సులో మెట్ల మీద ఎవరూ వేలాడరు. వాళ్ళ మోటారు సైకిళ్ళ వేగం మన స్కూటీకి లేదు. ఒప్పుకుంటాను. అందుకని ఆ తేడాను పదో వంతుకు కోసెయ్యి. ఇంకోసారి పదో వంతుకు కోసెయ్యి. అప్పటికీ బండి మీద ముప్పు బస్సులోకన్నా పందొమ్మిది రెట్లు మిగులుతుంది.

ఎందుకింత తేడా? బడిలో చదివిన సైన్సు చాలు దీనికి. జనంతో నిండిన బస్సు బరువు పదిహేను టన్నుల దాకా ఉంటుంది. ఇద్దరు కూర్చున్న స్కూటీ పావు టన్ను. రెండూ తగిలితే దెబ్బ సమానంగా పంచుకోవు. బరువు అరవై రెట్లు తక్కువున్నదాని వేగం అరవై రెట్లు ఎక్కువగా మారిపోతుంది. బస్సులో ఉన్నవాడికి ఒక కుదుపు, బండి మీద ఉన్నవాడికి గాల్లోకి ఎగరడం. ముల్లు వచ్చి అరిటాకు మీద పడ్డా, అరిటాకు వెళ్ళి ముల్లు మీద పడ్డా చిరిగేది అరిటాకే. పైగా బస్సులో కూర్చున్నవాళ్ళు కార్ల కంటే ఎత్తులో ఉంటారు, చుట్టూ ఇనుప గూడు ఉంటుంది, నడిపేది అదే జీవనోపాధిగా ఉన్న మనిషి. స్కూటీ మీద మన చుట్టూ ఉన్నది గాలి.

మరి భయం బస్సునే ఎందుకు పట్టుకుంది?

2013 అక్టోబర్ 30 తెల్లవారుజామున బెంగళూరు నుంచి హైదరాబాదు పోతున్న బస్సు మహబూబ్‌నగర్ జిల్లా పాలెం దగ్గర కల్వర్టును గుద్ది తగలబడింది. 45 మంది కాలిపోయారు. 2025 అక్టోబర్ 24న కర్నూలు దగ్గర మరో రాత్రి బస్సు కింద బైకు ఇరుక్కుని మంటలు లేచి, నిద్రలో ఉన్నవారు నిద్రలోనే పోయారు. మన మదురై స్టేషన్ యార్డులోనే 2023 ఆగస్టు 26 తెల్లవారుజామున, ఉత్తరప్రదేశ్ యాత్రికులతో వచ్చి ఆగి ఉన్న ఒక బోగీ కాలిపోయింది. ఈ మూడింటినీ మరిచిపోయినవారు లేరు. ఎక్కడున్నామో, ఆ వార్త ఎవరు చెప్పారో కూడా గుర్తుంటుంది.

ఇప్పుడు ఆ 49 దగ్గరికి రా. పాలెం బస్సులో పోయినవారు 45 మంది. తమిళనాడు రోడ్ల మీద 2022లో రోజుకు 49 మంది. అంటే ఈ ఒక్క రాష్ట్రంలో ప్రతిరోజూ ఒక పాలెం జరుగుతోంది, ఆదివారం సెలవు కూడా లేకుండా. అయితే ఆ 49 మంది ఒకచోట పోరు. అన్నూరులో ఒకరు, ఉసిలంపట్టిలో ఒకరు, పల్లడం దగ్గర ఇద్దరు, ఇలా పోతారు. జిల్లా పేజీలో నాలుగు లైన్ల వార్త, ఆ వీధిలో మూడు రోజుల ఏడుపు, అంతే. నలభై అయిదు మంది ఒక్కసారి పోతే దేశం ఉలిక్కిపడుతుంది. నలభై తొమ్మిది మంది విడివిడిగా పోతే అది మామూలు మంగళవారం.

మనసు ఇలా తూకం తప్పడాన్ని చదివినవాళ్ళున్నారు. తేలికగా గుర్తొచ్చేదాన్ని మనిషి తరచుగా జరిగేదిగా ఎంచుకుంటాడని ఆమోస్ ట్వెర్‌స్కీ, డేనియల్ కానెమన్ 1973లో చూపించారు. మనంతట మనం నెత్తికెత్తుకున్న ముప్పును ఇతరులు మన మీద పెట్టిన ముప్పు కంటే వెయ్యి రెట్లు ఎక్కువైనా ఓర్చుకుంటామని చాన్సీ స్టార్ 1969లోనే రాశాడు. పాల్ స్లోవిక్ 1987లో ఇంకొంచెం విడమర్చాడు: ఒక్కసారిగా చాలామందిని మింగేది, మన చేతిలో లేనిది, తలచుకుంటే ఒళ్ళు జలదరించేది, వీటి గురించి భయం లెక్కను మించిపోతుంది. బస్సులో ఈ మూడూ ఉన్నాయి. బండి మీద ఒకటీ లేదు. హ్యాండిల్ నా చేతిలో ఉంది, బ్రేకు నా వేళ్ళ కింద ఉంది. ఎదురుగా వచ్చే లారీ హ్యాండిల్ ఎవరి చేతిలో ఉందన్నది ఆ ధైర్యంలో కొట్టుకుపోతుంది.

ఈ తూకం తప్పడం వల్ల ప్రాణాలు కూడా పోతాయి. 2001 సెప్టెంబర్ 11 తర్వాత అమెరికాలో ఎందరో విమానం మానేసి కార్లెక్కారు. ఆ తర్వాతి పన్నెండు నెలల్లో రోడ్ల మీద మామూలు కంటే ఎక్కువగా పోయిన ప్రాణాలు సుమారు 1,500 అని జర్మన్ శాస్త్రవేత్త గెర్డ్ గిగరెంజర్ లెక్కకట్టాడు. విమానానికి భయపడి రోడ్డు మీద పోయారు వాళ్ళు. బస్సుకు భయపడి స్కూటీ కొనే ఇంటికీ ఇదే వర్తిస్తుంది.

మనల్ని భయపెట్టిన ఆ ఘటనలు ఏ రకం ప్రయాణాలో కూడా చూడాలి. పాలెం, కర్నూలు రెండూ రాత్రంతా హైవే మీద పరిగెత్తే ప్రైవేటు బస్సులు. మదురై బోగీ నడుస్తున్న రైల్లోది కాదు, ఆగి ఉన్నది. నిషేధమని తెలిసీ లోపలికి తెచ్చిన గ్యాస్ సిలిండర్ అంటుకుంది. 2012 డిసెంబర్ 16 రాత్రి ఢిల్లీలో సామూహిక అత్యాచార ఘోరం జరిగిన బస్సు సిటీ సర్వీసు కాదు, పని ముగించుకుని ఖాళీగా తిరుగుతున్న ప్రైవేటు బండి. సూలూరులో పొద్దున ఎనిమిదికి ఎక్కే టౌన్ బస్సు మీద వీటి నీడ పడుతోంది గానీ వీటి కారణాలు అక్కడ లేవు. ప్రభుత్వ బస్సులు తప్పే చేయవని అనను. 2018 సెప్టెంబర్ 11న తెలంగాణలో కొండగట్టు ఘాట్ దిగుతూ లోయలో పడ్డది ఆర్టీసీ బస్సే. అరవై మందికి పైగా పోయారు. అందులో ఎక్కించినవారు నూరు మంది దాకా. కిక్కిరిసిన బస్సు వేరే జాతి, దాని సంగతి తర్వాత చెబుతాను.

తాతల నాటి భయం

ప్రయాణ భయం మన వంశాలకు కొత్త కాదు. నాయకరాజుల కాలంలో మదురై చుట్టూ దారులకు కావలి ఉండేది. దొంగల నుంచి కాపాడటానికి కావలివాళ్ళకు ఊళ్ళు కూలి కట్టేవి. రాణి మంగమ్మ దారులు వేయించి, చెట్లు నాటించి, సత్రాలు కట్టించిందంటే ప్రజలకు అప్పుడు కావలసింది అదే కనుక. చీకటి పడేలోగా చేరుకోవడానికి ఒక గోడ, ఒక తలుపు. మదురై జంక్షన్ ఎదురుగా మంగమ్మాళ్ సత్రం ఇప్పటికీ ఉంది. దాని ముందు నుంచే నేను వెయ్యిసార్లు బస్సు పట్టుకున్నాను.

బస్సు వచ్చాక నమ్మకం మనిషి పేరు మీద నిలబడింది. మదురైలో 1910ల తొలి నాళ్ళలో టి.వి. సుందరం అయ్యంగారు బస్సు నడిపారు. కోయంబత్తూరులో మన తెలుగు బిడ్డ జి.డి. నాయుడు, సూలూరు పక్క కళంగల్‌లో 1893లో పుట్టినవాడు, 1920లో ఒకే ఒక్క బస్సు కొని పొల్లాచ్చి నుంచి పళనికి తనే నడుపుకుంటూ మొదలుపెట్టాడు. తర్వాత యు.ఎం.ఎస్. పేరుతో ఆ బస్సులు వందల్లోకి పెరిగి, సమయపాలనకు పేరు పడ్డాయి. "నాయుడు బస్సు" అంటే చాలు, ముక్కూ మొహం తెలిసిన మనిషి బస్సు. 1972లో ప్రభుత్వం రూట్లు తీసుకుని మదురైకి పాండియన్, కోయంబత్తూరుకు చేరన్ అని రవాణా సంస్థలు పెట్టింది. 1997లో ఆ పేర్లూ పోయి రెండూ తమిళనాడు రాష్ట్ర రవాణా సంస్థ పేరు కిందికి వచ్చాయి. బస్సులు పెరిగాయి, రూట్లు పెరిగాయి, పేరు మాత్రం ఎవరిదీ కాకుండా పోయింది. ఎవరిదీ కాని బస్సు మీద నమ్మకం తగ్గడంలో వింత లేదు. కానీ తెలిసినతనానికీ క్షేమానికీ సంబంధం లేదు. మన గేట్లో నిలబెట్టుకున్న స్కూటీ ఎంత తెలిసినదైనా దాని చుట్టూ ఇనుప గూడు మొలవదు.

ఇక్కడొక చిన్న తమాషా ఉంది. మదురైలో బస్సులు నడిపి పైకొచ్చిన ఆ సుందరం అయ్యంగారి పేరులోని మూడక్షరాలే టి.వి.ఎస్. బస్సు వద్దని ఆడపిల్లలకు కొనిచ్చే స్కూటీ మీద ఉన్నవి కూడా ఆ మూడక్షరాలే. ఇంకోటి. 2025 అక్టోబర్‌లో అవినాశి రోడ్డు మీద పది కిలోమీటర్ల పైవంతెన తెరిచి జి.డి. నాయుడు పేరు పెట్టారు. చివరి "నాయుడు" ఉండాలా వద్దా అని పేపర్ల నిండా వాదులాట. బస్సులతో బతికినవాడి పేరున్న ఆ వంతెన మీద కార్లూ బళ్ళూ దూసుకుపోతుంటే, బస్సు స్టాపింగులన్నీ కిందే ఉండిపోయాయి. దాని గురించి ఎవరూ వాదులాడలేదు.

అయితే బస్సులో ముప్పే లేదా?

ఉంది. సీటులో మాత్రం కాదు. ఎక్కేచోట, దిగేచోట, మెట్ల మీద, దిగిన తర్వాతి నిమిషంలో ఉంది.

మెట్లతో మొదలుపెడతాను, ఎందుకంటే నేనూ వేలాడినవాణ్ణే. కాలేజీ రోజుల్లో పెరియార్ బస్టాండు నుంచి తిరుమంగలం పోయే బస్సులో లోపల చోటున్నా మెట్లు వదిలేవాళ్ళం కాదు. గాలి వస్తుందని చెప్పేవాళ్ళం. నిజానికి లేడీస్ సీట్లలోంచి కనబడతామని. ఒకరోజు ఎదురు లారీ ఎంత దగ్గరగా పోయిందంటే నా చొక్కా జేబు చిరిగి అందులోని పాస్ ఎగిరిపోయింది. కండక్టరు తిట్టిన తిట్లు తమిళంలో ఉన్నాయి గానీ మా నైనా ఇంట్లో తెలుగులో తిరిగి వినిపించాడు. 2012 డిసెంబర్‌లో చెన్నై పెరుంగుడి దగ్గర సరిగ్గా ఇలాగే మెట్ల మీద ఉన్న నలుగురు విద్యార్థులు లారీ తగిలి పోయారు. బస్సులకు తలుపులు పెట్టాలన్న మాట ఆ తర్వాతే గట్టిగా వినబడింది. బస్సు ఎంత భద్రమైనదైనా దాని వెలుపల వేలాడే మనిషి బస్సులో లేడు. అతడు కూడా అరిటాకే.

దిగడం రెండోది. స్టాపింగ్ రాకముందే దూకడం, దిగీ దిగగానే అదే బస్సు ముందు నుంచి రోడ్డు దాటడం. ఎత్తు సీటులో ఉన్న డ్రైవరుకు బంపరు ముందు కొన్ని అడుగుల నేల కనబడదు. బస్సును దాటి వచ్చే బండికి నువ్వు కనబడవు. రవాణా శాఖ లెక్కలో "నడిచిపోతూ" అన్న గడిలో పడే ప్రాణాల్లో ఇలాంటివీ ఉంటాయి. బస్సుకు భయపడేవాళ్ళు ఈ నిమిషానికి భయపడరు.

పెద్దవాళ్ళ సంగతి వేరు. అవ్వకు బస్సులో ముప్పు దొంగ కాదు, బ్రేకు. సీటు దొరక్కముందే బస్సు కదిలితే, కడ్డీ పట్టుకోకముందే బ్రేకు పడితే తుంటి ఎముక విరుగుతుంది. ఆ వయసులో అది చిన్న దెబ్బ కాదు. కదిలే బస్సులో లేచి గుమ్మం దగ్గరికి నడవొద్దని, ఆగాకే లేవమని చెప్పు. కండక్టరు విసుక్కుంటాడు. విసుక్కోనీ.

కోయంబత్తూరుకు ప్రత్యేకమైన ముప్పు ఇంకొకటి: పోటీ. ఇక్కడ ప్రైవేటు టౌన్ బస్సులు చాలా ఉన్నాయి. ఒకే రూట్లో నాలుగైదు నిమిషాల తేడాతో రెండు బస్సులు వస్తే, ముందు పోయినదానికే జనం. కలెక్షన్‌ను బట్టి బత్తా ఉన్నచోట డ్రైవరు కాలు సహజంగానే యాక్సిలరేటర్ మీద బరువెక్కుతుంది. స్టాపింగ్‌లో పూర్తిగా ఆపకుండా ఎక్కించడం, దించడం అందుకే. వాళ్ళది దుర్మార్గం అనను, జీతం కట్టిన తీరు అలాంటిది. మన చేతిలో ఉన్నది ఒకటే. పరిగెత్తే బస్సు ఎక్కకుండా దాని వెనక వచ్చేది ఎక్కడం. అది ఎప్పుడూ ఖాళీగానే వస్తుంది, ముందుది ఊడ్చేసింది గనుక.

రాత్రి స్లీపర్ బస్సులను ఈ జవాబులో టౌన్ బస్సుతో కలపను. ఎక్కగానే వెనక అత్యవసర ద్వారం ఎక్కడుందో, అద్దం పగలగొట్టే సుత్తి ఉందో లేదో చూసుకోవాలి. ఇక రైలు. మన దేశంలో రైళ్ళ దగ్గర పోయే ప్రాణాల్లో అత్యధిక భాగం పట్టాలు దాటుతూనో, తలుపు దగ్గర నిలబడి జారిపడో పోయేవి. బోగీలో కూర్చున్నవాళ్ళవి కావు.

ఆడపిల్ల సంగతి

బావ అసలు భయం దీని గురించే, బయటికి చెప్పడు. దీన్ని అంకెలతో కొట్టేయడం అన్యాయం. బస్సులో చేయి వేసేవాడు, ఒరుసుకునేవాడు, చూపులతో తినేసేవాడు ఉన్నారు. మన ఇళ్ళలో ఏ ఆడమనిషినడిగినా ఒక కథ ఉంటుంది. దాన్ని పోలీసు లెక్కల్లో వెతికితే దొరకదు, ఎవరూ చెప్పరు గనుక. ప్రాణం పోని ముప్పు కూడా ముప్పే.

కానీ దానికి స్కూటీ జవాబా? 2019 నవంబర్‌లో హైదరాబాదు శంషాబాద్ దగ్గర అత్యాచారం చేసి చంపేసిన డాక్టరమ్మ దగ్గర సొంత స్కూటీ ఉంది. ఆ స్కూటీ టైరులో గాలి తీసేసే వల పన్నారు. దేశంలో నమోదయ్యే అత్యాచార కేసుల్లో నూటికి తొంభైకి పైగా తెలిసినవాళ్ళే నిందితులని జాతీయ నేర గణాంకాలు ఏటా చెబుతున్నాయి. నలభై మంది ముందు జరిగే వెకిలితనం అసహ్యమైనదే, కానీ దాన్ని ఆపడానికి అక్కడ నలభై నోళ్ళున్నాయి. ఒంటరి రోడ్డు మీద పంక్చరైన బండి పక్కన ఒక్కటే నోరు.

ఆ నోళ్ళు తెరుచుకునేలా చట్టం ఉంది. 1998లో చెన్నైలో ఒక కాలేజీ విద్యార్థిని వెకిలిచేష్టలకు బలైన తర్వాత తమిళనాడు చేసిన చట్టం ప్రకారం, బస్సులో వేధింపు జరిగిందని ఆడమనిషి చెబితే డ్రైవరు, కండక్టరు ఆ బస్సును దగ్గరి పోలీసు స్టేషన్‌కు తీసుకుపోవాలి. 2012 నవంబర్‌లో సుప్రీంకోర్టు కూడా ఒక తమిళనాడు కేసులోనే ఇదే మాట దేశమంతటికీ చెప్పింది. "బస్సును స్టేషన్‌కు తిప్పండి" అని అడిగే హక్కు తనకుందని అమ్మాయికి తెలియాలి. ఆ మాట గట్టిగా అంటే చాలు, చాలామంది వెధవలు తర్వాతి స్టాపింగ్‌లో దిగిపోతారు. 181, 112 నంబర్లు ఫోన్‌లో ఉండాలి.

2021 మే నుంచి మామూలు టౌన్ బస్సుల్లో ఆడవాళ్ళకు టికెట్టు లేదు. మదురై సహా మూడు జిల్లాల్లో రాష్ట్ర ప్రణాళికా సంఘం చేసిన పరిశీలనలో దీనివల్ల ఒక్కొక్కరికి నెలకు సగటున 888 రూపాయలు మిగులుతున్నాయని తేలింది. నాకు ఆ డబ్బుకన్నా ఇంకోటి ముఖ్యం అనిపిస్తుంది. ఆ బస్సుల్లో ఇప్పుడు సగానికి పైగా ఆడవాళ్ళే. పూల బుట్టతో అవ్వ, టిఫిన్ కారియర్‌తో మిల్లు అక్క, పుస్తకాలతో పిల్లలు. అలాంటి బస్సులో చేయి వేయడానికి ధైర్యం కావాలి.

ఎలా మరి?

పొద్దున బస్సు. పెద్ద గుంపుతో వచ్చేది వదిలి తర్వాతిది. పది నిమిషాలు ముందు బయలుదేరితే ఇది కష్టం కాదు. సింగానల్లూరులో బస్సు మారేటప్పుడు ఒంటరిగా కాకుండా ఆ స్నేహితురాళ్ళతోనే. సాయంత్రం ఆలస్యమైన రోజు అసలు కష్టం బస్సులో లేదు, స్టాపింగ్ నుంచి ఇంటిదాకా ఉన్న చీకటి దారిలో ఉంది. బావకు నిజంగా కూతురి మీద బెంగ ఉంటే ఎనభై వేల స్కూటీ బదులు ఆ దారిలో వీధి దీపాల కోసం పంచాయతీకి ఒక అర్జీ పెట్టమను. దీపం వచ్చేదాకా తనే స్టాపింగ్ దాకా ఎదురు పొమ్మను.

ఆయన వినకపోతే, స్కూటీయే కొంటే, వెంటనే రెండు హెల్మెట్లు కొనమను. 2022లో దేశంలో హెల్మెట్ లేకుండా పోయినవారు 50,029 మంది. అందులో 14,337 మంది వెనక కూర్చున్నవాళ్ళు. హెల్మెట్ తలకు కట్టుకోవాలి. మదురైలో మోచేతికి తగిలించుకుంటారు, పోలీసు కనబడితే తలకెక్కుతుంది. వెనక చక్రం మీద చీర, దుపట్టా చిక్కకుండా కవచం ఉండాలని మోటారు వాహనాల నియమాల్లో ఉంది. అందానికి అడ్డమని షోరూములో తీసేయమని అడగొద్దు.

నా తీర్పు అడిగావు గనుక చెబుతున్నాను. అమ్మాయి చెప్పిందే సరి, బస్సే. మెట్ల మీద నిలబడొద్దని, దిగాక బస్సును ముందు పోనిచ్చి, రోడ్డు రెండు వైపులా కనబడ్డాకే దాటమని మాత్రం చెప్పు.